పెద్ద గుమ్మడికి పొటాష్: ఎప్పుడు, ఎంత? పొదిలి ఎర్రనేలలో నా అనుభవం

పెద్ద గుమ్మడి పెంచుతున్నానని తెలిసినప్పటి నుంచి మా ఊళ్లో అందరిదీ ఒకటే సలహా: "పొటాష్ దండిగా వెయ్యి, కాయ అదే ఊరుతుంది." మిరప కాయకు బరువు రావాలన్నా పొటాషే, అరటి గెల నిండాలన్నా పొటాషే కాబట్టి గుమ్మడికీ అంతేనని వాళ్ల లెక్క. ఆ లెక్కలో తప్పు పట్టడానికి లేదు. అయితే ఎంత వెయ్యాలి, ఎప్పుడు వెయ్యాలి, ఏ పొటాష్ వెయ్యాలి అని అడిగితే ఏ ఇద్దరూ ఒక మాట మీద నిలబడలేదు. ఒకరు గుప్పెడు అన్నారు, ఇంకొకరు తట్టెడు బూడిద అన్నారు. కాయ పడ్డాక వేసి ఏం లాభం, దుక్కిలోనే పడాలి అని మరొకరు కోప్పడ్డారు కూడా. ఈ విషయం స్వయంగా చూద్దామనే కిందటి శీతాకాలంలో రెండు తీగలు పెట్టి, రెంటికీ వేర్వేరుగా పొటాష్ ఇచ్చాను.

మాది పొదిలి దగ్గర పల్లె. ఎర్ర చల్క నేల, బోరు నీరు, ఇంటి పంట పొగాకు. గింజలు 'అట్లాంటిక్ జెయింట్' రకానివి. కెనడాలోని నోవా స్కోషియాకు చెందిన హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ల తరబడి ఏరి ఏరి స్థిరపరచిన రకం ఇది. ఇప్పుడు పోటీల్లో గెలుస్తున్న మహా గుమ్మళ్లకు మూలం ఈ వంశమే. మన దేశం దాదాపు మొత్తం పొటాష్‌ను బయటి నుంచే కొంటుంది, అందులో కెనడా సరుకూ ఉంటుంది. అంటే నా రెండు సెంట్ల చేనులో గింజా ఆ దేశానిదే, ఎరువూ ఆ దేశానిదే కావచ్చు. నాది అన్నది ఎండ ఒక్కటే, అది మాత్రం కావలసినదానికన్నా ఎక్కువే ఉంది.

ఎండ సంగతి ముందే చెప్పాలి. 2023లో అమెరికాలో ట్రావిస్ గీంగర్ అనే ఆయన పండించిన కాయ 1,247 కిలోలు తూగింది. అక్కడ వేసవిలో పగలు పదిహేను గంటలకు పైగా వెలుతురు ఉంటుంది, రాత్రి చల్లబడుతుంది. మనకు వేసవిలో ఆకు వాడి వేలాడుతుంది, శీతాకాలంలో పగలు చిన్నది. ఎరువులతో ఈ తేడా పూడదు. అందుకే టన్నుల కల పెట్టుకోకుండా, నవంబరు మొదట్లో గింజ పెట్టి, మార్చి ఎండలు ముదరకముందే కాయ దించేటట్లు చూసుకున్నాను. మన ప్రాంతంలో ఎవరైనా ప్రయత్నిస్తే నేను చెప్పేది ఇదే కాలం.

గింజ పెట్టకముందే రెండు చోట్ల మట్టి తీసి భూసార పరీక్షకు ఇచ్చాను. ఒకటి పెరటి వెనక పాత పెంటదిబ్బ ఉండిన చోటు, రెండోది దాని అవతల మామూలు చేను. రెంటికీ మధ్య నాలుగు బారలు కూడా లేదు, ఫలితాలు మాత్రం ఎక్కడికక్కడే. చేనులో పొటాష్ 'మధ్యస్థం', దిబ్బ చోటులో 'ఎక్కువ', అదీ గీత దాటి చాలా దూరం పోయి. ఆశ్చర్యపోవలసిన పని లేదు. పశువుల ఎరువులో సుమారు అర శాతం పొటాష్ ఉంటుంది. అంటే రెండు సెంట్లకు 200 కిలోల చివికిన ఎరువు తోలితే, బస్తా విప్పకుండానే ఒక కిలో పొటాష్ నేలలో పడినట్టే. దిబ్బ మీద ఎన్నేళ్ల పేడ, ఎన్ని పశువుల పంచితం ఊరిందో! విదేశాల్లో పెద్ద గుమ్మడి పెంచేవాళ్లలోనూ చాలామంది నేలల్లో ఇదే కథ. ఏటేటా బండ్లకొద్దీ ఎరువు పోసి, చివరకు పొటాష్, భాస్వరం మితిమీరాయని పరీక్షలో తెలుసుకుంటారు.

ఇక ఎంత కావాలో లెక్క వేశాను. గుమ్మడి కండ 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. 60 కిలోల కాయ అనుకుంటే 204 గ్రాములు. ఎరువుల సంచి మీద రాసే పొటాష్ లెక్కలోకి మార్చాలంటే దాన్ని 1.2తో గుణించాలి, సుమారు 245 గ్రాములు అవుతుంది. తీగ, ఆకులు కూడా దాదాపు అంతే పట్టుకుంటాయని పెట్టుకున్నా మొత్తం దాదాపు అర కిలో. చేనులో తోలిన పశువుల ఎరువులోనే అంతకు రెట్టింపు ఉంది! కాగితం మీద చూస్తే సంచి అవసరమే లేదు.

అయితే కాగితం మీది లెక్కకు కాలం తెలియదు. గుమ్మడి తీగ మొదటి నెలన్నర పొటాష్‌ను నిదానంగానే తీసుకుంటుంది. పిందె నిలిచి కాయ ఊరడం మొదలైన రెండో వారం నుంచి ఐదో ఆరో వారం దాకా ఒక్కసారిగా ఆకలి పెరుగుతుంది. పోటీ కాయలు ఆ రోజుల్లో రోజుకు 20 కిలోలు కూడా పెరుగుతాయి. ఆకు వండిన చక్కెరను కాయకు చేరవేసేదీ, ఆకు రంధ్రాలను తెరిచి మూసి నీటిని అదుపులో ఉంచేదీ పొటాషియమే కనుక సరిగ్గా అప్పుడే వేరు దగ్గర అది దొరకాలి. నల్లరేగడి అయితే బంకమట్టి దాన్ని పట్టి ఉంచి మెల్లగా ఇస్తుంది. మా చల్క నేలకు ఆ పట్టు లేదు. నవంబరు వానకు కొంత కిందికి దిగిపోతుంది, మిగిలినది రెండు సెంట్లంతా పరుచుకుని ఉంటుంది. కాబట్టి తేల్చవలసింది మొత్తం ఎంత అన్నదానికన్నా, ఆ నాలుగు వారాల్లో అందుతున్నదా లేదా అన్నది.

మన వ్యవసాయ శాఖ వాళ్లు తీగజాతి కూరగాయలకు ఎకరాకు 16 నుంచి 20 కిలోల పొటాష్ అంటారు. రెండు సెంట్లంటే ఎకరంలో యాభయ్యో వంతు, అంటే 320 నుంచి 400 గ్రాములు. భూసారం ఎక్కువగా ఉంటే 30 శాతం తగ్గించమని, తక్కువైతే 30 శాతం పెంచమని కూడా చెబుతారు. నేను చేను తీగకు 300 గ్రాములు అనుకున్నాను. దిబ్బ తీగకు దుక్కిలో ఏమీ వద్దు, కాయ జోరుగా పెరిగే రోజుల్లో మాత్రం నామమాత్రంగా అనుకున్నాను.

ఏ పొటాష్ అన్నది మా ఇంట్లో పెద్ద చర్చ కాలేదు, పొగాకు పుణ్యమా అని. కొట్లో తేలికగా, చవకగా దొరికేది ఎర్ర పొటాష్, అంటే మ్యూరేట్. అందులో 60 శాతం పొటాష్ ఉంటుంది, దాంతో పాటు సగానికి దగ్గరగా క్లోరిన్ కూడా ఉంటుంది. క్లోరిన్ ఎక్కిన పొగాకు ఆకు సరిగా కాలదు. అందుకే వర్జీనియా పొగాకు వేసే వాళ్లు ఖరీదు ఎక్కువైనా సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడతారు. దాన్ని ఊళ్లో 'ఎస్ఓపీ' అనే అంటాం. 50 శాతం పొటాష్, 17 శాతం పైన గంధకం. గుమ్మడిని ఎవరూ చుట్టగా చుట్టి కాల్చరు కాబట్టి ఆ భయం లేదు. నాకు ఉన్న భయం బోరు నీరు. మా బోరు నీరు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా తగులుతుంది. ఎరువు కూడా ఉప్పే కదా. ఉప్పదనాన్ని కొలిచే సూచికలో మ్యూరేట్ 116, ఎస్ఓపీ 46. ఉప్పు నీళ్లు పెట్టే చోట మ్యూరేట్‌ను మోతాదులుగా పోయడం నాకు నచ్చలేదు. మంచి నీళ్లున్న కాలువ కింది రైతుకు దుక్కిలో మ్యూరేట్ వేసుకుంటే నష్టమేమీ లేదు, డబ్బు కూడా మిగులుతుంది.

బూడిద సంగతీ అడిగారు. పొగాకు ఊళ్లో బ్యారన్ బూడిదకు, అంటే పొగాకు కాల్చి ఆరబెట్టే కొట్టాల బూడిదకు కొదవా! కర్ర బూడిదలో పొటాష్ ఉన్నమాట నిజమే, కొన్ని శాతాలే అయినా త్వరగా కరిగే రకం. కాని దాంతో పాటు సున్నం కూడా వస్తుంది. పుల్ల నేలలకు అది వరం. మా నీళ్లు, మా నేల అసలే క్షార గుణంవి, అటువంటి చోట తట్టలకొద్దీ బూడిద పోస్తే ఇనుము, జింకు అందక కొత్త ఆకులు తెల్లబారుతాయి. అందుకని నేను బూడిద జోలికి పోలేదు.

తీగ దశ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. దుక్కిలో చేను తీగకు పశువుల ఎరువు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, గుప్పెడు జిప్సం, 150 గ్రాముల ఎస్ఓపీ. దిబ్బ తీగకు జిప్సం ఒక్కటే. తీగ పాకేటప్పుడు కావలసింది నత్రజని. ఆకు లేకపోతే చక్కెర వండేవాళ్లెవరు? పొటాష్ మోసేది మాత్రమే, వండేది కాదు. అందుకే మొదట్లో వారానికోసారి 19-19-19ను, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువును పలుచగా డ్రిప్పులో వదిలాను. తీగ పాకుతున్నకొద్దీ కణుపుల మీద మట్టి కప్పాను. కప్పిన ప్రతి కణుపు దగ్గరా కొత్త వేరు దిగుతుంది, ఎరువు తాగే నోళ్లు పెరుగుతాయి.

ధనుర్మాసంలో పూలు మొదలయ్యాయి. పెద్ద గుమ్మడికి ఆడపువ్వు కన్నా మగపూలు ముందు, మందలుగా వస్తాయి. అదే సమయానికి ఊళ్లో ఆడపిల్లలకు గొబ్బెమ్మల మీద పెట్టడానికి గుమ్మడి పూలు కావాలి. "అత్తా, నాలుగు పూలు" అంటూ మా ఆవిడ దగ్గరికి తెల్లారకముందే వచ్చేవాళ్లు. మగపూలు ఎన్ని కోసుకున్నా తీగకు నష్టం లేదు, రోజుకు రెండు మూడు నాకు వదిలితే చాలని ఒప్పందం. ప్రధాన తీగ మీద పది పన్నెండు అడుగుల దూరంలో ఆడపువ్వు విచ్చిన ఉదయం, ఎండ పొడవకముందే మగపువ్వు రేకులు తీసేసి దాని పుప్పొడిని అంటించి, ఆడపువ్వు మూతిని దారంతో కట్టేశాను. ఇక మా మేనత్త కాపలా. పిందెకు చూపుడు వేలు చూపిస్తే కుళ్లి రాలిపోతుందని ఆవిడ నమ్మకం, చూడవచ్చిన ప్రతివారి చేతా వేలు మడిపించేది. పుప్పొడి సరిగా అంటని పిందె ఎవరూ వేలు చూపకపోయినా నాలుగైదు రోజుల్లో పచ్చబడి మెత్తబడుతుంది. ఆ సంగతి ఆవిడకు చెప్పే సాహసం నేను చెయ్యలేదు. జనం తీగలు తొక్కకుండా దూరంగా నిలబడ్డారు, నాకదే పదివేలు.

పిందె పట్టిన వెంటనే పొటాష్ పెంచలేదు. మొదటి పది రోజుల్లో కాయ లోపల కణాల సంఖ్య పెరుగుతుంది, దానికి అన్నీ సమానంగా కావాలి. ఆ రోజుల్లో 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్‌ను కొద్దిగా వాడాను. తీగకు ఇంకా నత్రజని కావాలి, పొటాష్ కూడా మొదలవ్వాలి, రెండూ అందులో ఉన్నాయి. కాయ కొబ్బరికాయంత అయ్యాక చేను తీగకు ఎస్ఓపీ మొదలుపెట్టాను. మొదటి రెండు వారాలు వారానికి 50 గ్రాములు, తరువాతి మూడు వారాలు 100 గ్రాములు, ఆపైన ఒక వారం మళ్లీ 50. దుక్కిలో వేసినదానితో కలిపి 600 గ్రాములు, అంటే అనుకున్న 300 గ్రాముల పొటాష్. ఏ వారం మోతాదునూ ఒకేసారి పోయలేదు. రెండు భాగాలు చేసి, బక్కెట్ నీళ్లలో రాత్రి నానబెట్టి, ఉదయం తేరిన నీళ్లు డ్రిప్పు ట్యాంకులో పోశాను. ఎస్ఓపీ చప్పున కరగదు. కరగనిది అలాగే పోస్తే డ్రిప్పర్లు మూసుకుంటాయి. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, దీన్ని కాల్షియం నైట్రేట్‌తో ఒకే ట్యాంకులో ఎప్పుడూ కలపకూడదు. రెండూ కలిస్తే జిప్సం పేరుకుని పైపులోనే గడ్డకడుతుంది. కాల్షియం ఇచ్చే రోజు వేరు, పొటాష్ ఇచ్చే రోజు వేరు.

ఈ మధ్యకాలంలో మా మేనమామ కూడా తన పెరట్లో నాటు గుమ్మడి తీగకు పోటీగా సేవ మొదలుపెట్టాడు. నేను గ్రాముల తక్కెడ పట్టుకోవడం చూసి నవ్వి, "బంగారం తూస్తున్నావేమిరా" అని, ఎర్ర పొటాష్ దోసెడు తీసి మొదట్లోనే చల్లి నీళ్లు పెట్టాడు. వారం తిరక్కుండా ముదురు ఆకుల అంచులు మాడాయి. అంచులు మాడటం పొటాష్ లోపానికీ గుర్తే కాబట్టి ఆయన ఇంకో దోసెడు వేయబోయాడు! అతి బలవంతాన ఆపి, రెండు మూడు తడులు నిండుగా పారించి ఉప్పును కిందికి దించమన్నాను. తీగ తేరుకుంది, కాయ మాత్రం అక్కడే ఆగింది.

ఆకును చదవడం వచ్చి తీరాలి, లేకపోతే ఇలాగే రోగానికి రోగమే మందు అవుతుంది. పొటాష్ తక్కువైతే మొదట ముదురు ఆకుల అంచులు పసుపెక్కి, తరువాత గోధుమ రంగులోకి మాడతాయి. తీగ తనకున్నదాన్ని లేత ఆకులకూ కాయకూ తరలిస్తుంది కాబట్టి లేత ఆకులు బాగానే ఉంటాయి. ఉప్పు కాటు కూడా అంచుల నుంచే వస్తుంది, కాని ఎరువు వేసిన కొద్ది రోజులకే హఠాత్తుగా, తీగ వాడుతూ వస్తుంది. నా దిబ్బ తీగ ఈ రెండూ కాని మూడోది చూపించింది. జనవరి చివర ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగాలు పసుపుబారాయి. అది మెగ్నీషియం ఆకలి. నేలలో మెగ్నీషియం ఉన్నా, పొటాష్ మితిమీరి ఉంటే వేరు దగ్గర దాన్ని తోసేసి తానే లోపలికి దూరుతుంది. కాల్షియానికీ అదే గతి. కాయ మొన కుళ్లడానికీ, తోలు బలహీనపడి పగలడానికీ కాల్షియం అందకపోవడం ఒక కారణం. పరీక్ష కాగితం చేతిలో ఉంది కాబట్టి నేను తడబడలేదు. దిబ్బ తీగకు అప్పటిదాకా వారానికి ఇస్తున్న 30 గ్రాముల ఎస్ఓపీ కూడా మానేసి, మెగ్నీషియం సల్ఫేట్‌ను లీటరుకు 10 గ్రాములు కలిపి సాయంత్రాల్లో పిచికారీ చేశాను. పసుపెక్కిన ఆకులు మళ్లీ పచ్చబడలేదు గాని కొత్తగా ఏ ఆకూ పసుపెక్కలేదు.

పెరుగుదలను టేపుతో చూసేవాణ్ణి. నేలకు సమాంతరంగా కాయ చుట్టుకొలత, తొడిమ నుంచి పూమొన దాకా పైనుంచి కొలత, అడ్డంగా ఒక కొలత. ఈ మూడూ కలిపి పట్టికలో చూస్తే బరువు అంచనా తెలుస్తుంది. పోటీల వాళ్లందరూ వాడే పద్ధతి ఇదే. దీని అసలు ఉపయోగం ఎరువు ఆపే రోజు తెలియడం. ఫిబ్రవరి రెండో వారం దాటాక టేపు కదలడం మందగించింది. అది కాయ ముదురుతున్న గుర్తే తప్ప ఎరువు చాలదన్న గుర్తు కాదు. మా మేనమామ లాంటి వాళ్లు సరిగ్గా అప్పుడే "ఇంకొక్క గుప్పెడు" అంటారు. అప్పుడు పోసిన పొటాష్ కాయకు చేరదు, నేలలో ఉప్పుగా మిగులుతుంది. నేను పొటాష్ పూర్తిగా ఆపి, నీళ్లు మాత్రం ఒక్కసారిగా తగ్గించకుండా, పెంచకుండా సమంగా నడిపాను. ఆరిన నేలకు హఠాత్తుగా నిండు తడి పెడితే ఎంత పొటాష్ ఉన్నా కాయ పగులుతుంది.

మార్చి మొదటి వారంలో పొగాకు బేళ్లు తూచే కాటా మీద పెట్టాం. దిబ్బ కాయ 64 కిలోలు, చేను కాయ 55. దుక్కిలో పొటాషే వేయని దిబ్బ తీగ గెలిచిందని ఊళ్లో వాళ్లు నవ్వారు. దానికి అందింది తక్కువ కాదు, పాత దిబ్బ రూపంలో అన్నిటికన్నా ఎక్కువ అందింది. మెత్తటి నేల, ఎక్కువ తేమ, ఎక్కువ నత్రజని కూడా దానికే దొరికాయి. కాబట్టి తొమ్మిది కిలోల తేడాను పొటాష్ ఖాతాలో రాయడానికి నేను ఒప్పుకోను. చేను తీగ సంగతి వేరు. చివరిదాకా ముదురు ఆకుల అంచులు కూడా మాడకుండా నిలిచాయి, కాయ పగల్లేదు, మొన కుళ్లలేదు. చల్క నేలలో, ఉప్పు నీళ్ల మీద అది నాకు సంతృప్తినిచ్చిన ఫలితం.

తినడానికి ఈ రకం పనికిరాదు. గొడ్డలితో కొట్టి ఊరంతా పంచితే, దప్పళం పెట్టిన ప్రతి ఇంటి నుంచీ "నీళ్లు" అన్న తీర్పే వచ్చింది. మిగిలినది గేదెలు తిన్నాయి. తీగలూ ఆకులూ మాత్రం తగలబెట్టకుండా ముక్కలు చేసి చేను సగానికే తిరిగి కలిపాను. కాయ పట్టుకున్నంత పొటాష్ వాటిలోనూ ఉంటుంది, అదీ కుళ్లగానే వదిలే రకం. దిబ్బ చోటుకు రెండేళ్లపాటు పశువుల ఎరువు తోలేది లేదు, అక్కడ ఈసారి జొన్న వేసి, చొప్పంతా కోసి బయటికి తెచ్చేస్తాను, మితిమీరిన పొటాష్ దాంతో కొంత దిగుతుంది. చేను వైపు మట్టి మళ్లీ తీసి నీడలో ఆరబెట్టాను. దుక్కిలో ఈసారి 150 గ్రాములు వెయ్యాలా, అసలే మానెయ్యాలా అన్నది పరీక్ష కాగితం వచ్చాక నిర్ణయిస్తాను. కాయ ఊరే వారాల మోతాదుల్లో మాత్రం మార్పేమీ లేదు.